సిస్టరమ్మగారి ఎండ

మా చర్చి సంఘంలో ఏ నెల నడుస్తోందో తెలుసుకోవడానికి క్యాలెండరు అక్కర్లేదని, సిస్టరమ్మగారి కుర్చీ ఎక్కడుందో చూస్తే చాలని నవ్వుకునేవాళ్ళం. మందిరంలో ఆడవాళ్ళు కూర్చునే వైపు తూర్పు కిటికీలున్నాయి. వాటిలోంచి పడే ఎండ డిసెంబరులో నడిమి వరసలదాకా పాకుతుంది, వేసవి దగ్గరపడేకొద్దీ గోడ కిందికి ముడుచుకుంటుంది. ఆ ఎండముక్క ఎక్కడుంటే ఆవిడ నీలం ప్లాస్టిక్ కుర్చీ అక్కడ. వాక్యం చెబుతుండగా ఎండ జరిగితే, చప్పుడు లేకుండా, కుర్చీ కూడా జరిగేది.

మొన్న ఆదివారం ఆ ఎండలో కుర్చీ దొరికిన ఒక కొత్త కోడలు కాసేపు మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుని చూసింది, తర్వాత లేచి కిటికీ తెర లాగేసింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఈ రోజుల్లో బందరు వీధుల్లో స్కూటరు మీద వెళ్ళే ఆడపిల్లలకి మోచేతులదాకా తొడుగులు, మొహానికి స్కార్ఫు, కళ్ళకి నల్లద్దాలు. ఎండ చర్మానికి ఏం చేస్తుందో ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా ఆ తెర మూతపడగానే, "అంత ఎండ పారబోస్తున్నారేంటమ్మా" అన్న గొంతు నాకు వినిపించినట్టయింది. అన్నం పారబోస్తే నొచ్చుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఎండ పారబోస్తే నొచ్చుకునే మనిషి ఆవిడొక్కరే. పోయి ఏడాది కావస్తోంది. చర్మం జబ్బుతో పోలేదు, నిద్రలో గుండె ఆగింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆవిడ గురించి విన్నవాళ్ళంతా మొదట అడిగేది అదే.

ఆవిడ నర్సు. ఒక మిషను ఆసుపత్రిలో, చర్మవ్యాధుల వార్డులో, ఉద్యోగమంతా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. మా పక్క వీధిలో మేడ మీది వాటాలో అద్దెకుండేవారు. ఆ వాటా తీసుకున్నది గదులు చూసి కాదు, వాటి ముందున్న డాబా చూసి. చలికాలం పొద్దున్న ఆ డాబా మీదికి వెళ్తే ఆవిడ అప్పటికే చాప పరిచి ఉండేవారు. చీర కుచ్చెళ్ళు పిక్కలదాకా లాక్కుని, కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుని, జుట్టు విరబోసుకుని, తూర్పుకి వీపు పెట్టి కూర్చునేవారు. కళ్ళు మూసుకునేవారు. ఆ మొదటి కాసేపు ఎవరు పిలిచినా పలకరు. ఫోను మోగినా అంతే, కింద పాలవాడు అరిచినా అంతే. తర్వాత నిదానంగా కళ్ళు తెరిచి, ఎవరో కొసరి కొసరి వడ్డించినట్టు, "అబ్బ" అనేవారు. అప్పుడిక లోకంతో మాట్లాడేవారు.

ఇళ్ళకి ప్రార్థనకి పిలిచినా అదే వరస. హాల్లో సోఫాలు చూపిస్తుంటే ఆవిడ నడవా దాటి, వంటిల్లు దాటి, పెరట్లోకి వెళ్ళి నిలబడేవారు. "ఇక్కడ బాగుంది కదమ్మా, ఇక్కడే చేసుకుందాం." అంట్ల గిన్నెల పక్కన, బట్టల తీగె కింద, ఎంతమంది ఇళ్ళలో అలా ప్రార్థన చేశామో. దేవుడు పెరట్లోంచి కూడా వింటాడని మా సంఘానికి నేర్పింది ఆవిడే అనుకుంటాను.

కింది వాటావాళ్ళు వెటకారం ఆడేవాళ్ళు. "ఏంటండీ సిస్టరమ్మగారూ, పొద్దున్నే పైనున్నారు, వడియాలు పెట్టారా?"

"పెట్టానండీ. నన్నే."

"నల్లబడిపోతారండీ."

"పడనివ్వండి. నన్నిప్పుడు చూసుకోవడానికి ఎవరైనా వస్తున్నారా?"

ఆ వెటకారంలో ఉన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా వైపు ఎండలో ఆడవాళ్ళు లేకేం? నాట్లు వేసేవాళ్ళు, పెడన పక్క అద్దకం బట్టలు ఆరేసేవాళ్ళు, రేవుల దగ్గర చేపలు ఎండబెట్టేవాళ్ళు, తెల్లారిందగ్గర్నుంచి ఎండలోనే ఉంటారు. వాళ్ళ చర్మం పాడవుతుందని ఎవరూ బాధపడరు. ఏ పనీ లేకుండా, తన కోసం తాను, ఊరికే ఎండలో కూర్చున్న ఆడమనిషి కనిపిస్తేనే చూసినవాళ్ళకి ఆరోగ్యం గుర్తొస్తుంది. వడియాలు నిజంగా పెట్టి ఉంటే ఆవిడని ఒక్కరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

తెలియక కూర్చున్న మనిషి కాదు. దివిసీమలో నాగాయలంక వైపు మేం సువార్త కూడికలు పెట్టినప్పుడు ఆవిడ పక్కన బల్ల వేసుకుని మందుల పెట్టెతో కూర్చునేవారు. ఒకసారి రొయ్యల చెరువు కాపలా మనిషి మోకాలి నొప్పికి మాత్ర అడిగాడు. ఆవిడ మోకాలు వదిలేసి అతని చెవి పట్టుకున్నారు. చెవి అంచు మీద చిన్న పుండు ఉంది.

"ఇది ఎన్నాళ్ళనుంచి?"

"ఏమోనండీ. దోమ కుట్టిందనుకున్నా."

"దోమ కాదు, ఎండ. ఈ వారమే పెద్దాసుపత్రికి వెళ్ళి చూపించుకో. రేపట్నుంచి తువ్వాలు చెవుల మీదికి దించి కట్టు. వింటున్నావా, లేకపోతే మీ ఆవిడకి చెప్పనా?"

అతను చెవి తడుముకుంటూ వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. "మరి మీరో సిస్టరమ్మగారూ?"

"నాకు కావాలనిపించి కూర్చుంటున్నాను. అతనికి అక్కర్లేకపోయినా మీద పడుతోంది. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు. మందుల పెట్టె మూత వేసి, "చర్మానికి మాత్రం రెండూ ఒకటేలే," అని తనే నవ్వారు.

ఆవిడ అంతే. తన మాటలో చిల్లు ఎక్కడుందో ఎదుటివాళ్ళకన్నా ముందు తనే చూపించేవారు. రోహిణీ కార్తెలో గదిలోంచి కదిలేవారు కాదు. అలాంటి ఎండలో కూర్చుంటే దాన్ని పిచ్చి అంటారమ్మాయ్, అనేవారు.

చర్మం తన పని తాను చేసింది. మూడేళ్ళ క్రితం వానాకాలంలో ఆవిడ ముక్కు పక్కన సగ్గుబియ్యం గింజలాంటిది ఒకటి లేచింది. మెరుస్తూ ఉండేది. మన రంగువాళ్ళకి ఇలాంటివి తక్కువే గానీ, రావని కాదు. ఆవిడ అద్దంలో చూసుకుని, ఎవరికీ చెప్పకుండా విజయవాడ బస్సెక్కారు. "క్యాన్సరేనమ్మాయ్. కానీ నిదానస్తురాలు, ఇల్లు దాటి వెళ్ళే రకం కాదు," అని తిరిగొచ్చాక నాకు చెప్పారు, దూరపు చుట్టం ఎవరి గురించో చెప్పినట్టు. కోసి తీసేశారు. ముక్కు ఒక పక్క కొంచెం తరిగింది. డాక్టరమ్మ ఎండలోకి వెళ్ళొద్దని చెప్పి పంపించింది.

గుడివాడ నుంచి మేనకోడలు వచ్చి ఆవిడని తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. సిస్టరమ్మగారి అన్నగారి కూతురు ఆ అమ్మాయి. ఆ అన్నగారు క్యాన్సరుతోనే పోయారు. పుట్టింటివైపు ఆ పిల్లకి మిగిలింది ఈ మేనత్త ఒక్కతే. ఆ అమ్మాయి భయాన్ని నేను ఎన్నడూ తేలిగ్గా మాట్లాడలేదు, ఇప్పుడూ మాట్లాడను.

దసరా సెలవుల్లో గుడివాడ వెళ్ళాను. అపార్టుమెంటులో ఉత్తరం వైపు గది, మందపాటి తెరలు, పట్టపగలు ట్యూబులైటు. సిస్టరమ్మగారు మంచం మీద బుద్ధిగా కూర్చుని ఉన్నారు. నాకు గుబులు పుట్టింది ఆ బుద్ధి చూసే. విసుగు లేదు, వెటకారం లేదు. గాయం మానేదాకా ఒక్క కిరణం కూడా తగలకూడదన్న మాట ఆవిడ అక్షరాలా పాటించారు. నర్సు కదా. కానీ మనిషి సగమైపోయారు. కాఫీ ఇస్తే తాగారు, మాట్లాడితే మాట్లాడారు.

ఆవిడ ఎండ గురించి మా సంఘంలో ఒక కథ తిరుగుతుండేది. డెబ్బయ్యేడు ఉప్పెనలో ఆవిడ దివిసీమలో ఒక చెట్టు పట్టుకుని ఉండిపోయారని, నీరు తీసి ఎండ కాశాక ప్రాణం లేచొచ్చిందని, అప్పట్నుంచి ఎండలో కూర్చుని దేవుడికి కృతజ్ఞత చెల్లించుకుంటారని. నేను సండే స్కూలు పిల్లలకి పాఠాలు చెబుతాను. ఆ సాక్ష్యం ఆవిడ నోటి నుంచే విని పిల్లలకి చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. మాట కలపడానికి అదే అడిగాను.

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "ఉప్పెనప్పుడు నేను గుంటూరులో నర్సింగు చదువుతున్నాను. హాస్టల్లో ఉప్మా తింటున్నా. నన్ను చెట్టెక్కించింది ఎవరు?"

"అందరూ అనుకుంటారండీ..."

"చెట్లు పట్టుకున్నవాళ్ళు వేరే ఉన్నారు, పట్టు తప్పినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ కష్టం తెచ్చి నాకు తొడగకండి."

"మరి ఎండలో ఎందుకు కూర్చుంటారండీ?"

ఆవిడ ఆలోచించారు. ఏదో ఒక మొక్కుబడి, ఏదో ఒక దర్శనం బయటికొస్తుందని నేను ఎదురుచూస్తున్నాను.

"హాయిగా ఉంటుంది," అన్నారు.

"అంతేనా?"

"అంతే. వీపు మీద ఎవరో చెయ్యి వేసి ఉంచినట్టుంటుంది. ఒంటరి మనిషిని కదమ్మాయ్. రోగుల వీపుల మీద నేను చేతులు వేశాను గానీ, నా వీపు మీద ఎవరు వేస్తారు?" అని, ఎక్కువ చెప్పేసినట్టు అనిపించిందేమో, కాఫీ గ్లాసు తీసుకుని లేచారు.

నేను వాక్యంలో పెరిగినదాన్ని. ప్రతిదానికీ ఒక సాక్ష్యం ఉండాలి, సాక్ష్యానికి ఒక పాఠం ఉండాలి. గుడివాడ బస్టాండులో కూర్చుని, హాయి అనే మాట పిల్లల పాఠానికి పనికిరాదే అనుకున్నాను.

ఇక తీర్మానం సంగతి చెప్పాలి. మా సంఘంలో నెల చివరి ఆదివారం, ఆరాధన అయ్యాక, సాక్ష్యాల కూడిక ఉంటుంది. ఏదైనా మానుకోవాలనుకున్న మనిషి అందులో లేచి, చెయ్యెత్తి, ఫలానాది మానేస్తున్నానని అందరి ముందు చెబుతాడు. చుట్టలు, టీవీ సీరియళ్ళు, చాడీలు, అలా. ఒకసారి చెయ్యెత్తాక సంఘమంతా కాపలాయే. సిస్టరమ్మగారు ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఎత్తితే చచ్చేదాకా ఆ మాట మీద నిలబడే మనిషని మాకు తెలుసు, మేనకోడలికి ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ అమ్మాయి మా పాస్టరు గారికి ఫోను చేసింది.

"అయ్యగారూ, గాయం మానింది. ఇంక మా అత్త నా మాట వినదు, డాబా ఎక్కుతుంది. దేవుడి సన్నిధిలో మాటిస్తే మాత్రం తప్పదు. మీరు తీర్మానం చేయించండి."

పాస్టరు గారు కుర్రవాడు, మంచివాడు. ఎండని తీసుకెళ్ళి చుట్ట పక్కన కూర్చోబెడుతున్నామని ఆయనకి తట్టలేదు, మాకెవరికీ తట్టలేదు. పాపాలు మాన్పించీ మాన్పించీ చెయ్యి అలవాటు పడిపోయింది.

నవంబరు కూడికకి మేనకోడలు అత్తని బందరు తీసుకొచ్చింది. శరీరం దేవుని ఆలయం, దాన్ని పాడుచేసుకునే హక్కు మనకి లేదు అని పాస్టరు గారు కాసేపు మాట్లాడారు. "మన సిస్టరమ్మగారు ఈ రోజు ఒక తీర్మానం చేసుకుంటారు," అని ఆడవాళ్ళ వైపు చూశారు. ముందు రోజు అడిగితే ఆవిడ "నిలబడతాను" అన్నారట. ఏం చెబుతారో ఎవరికీ తెలియదు.

ఆవిడ లేచి, రెండు చేతులూ ముందు వరస కుర్చీ మీద ఆనించారు. ఆ చేతుల్లో ఒకటి పైకి లేస్తే ఇంక ఆ మనిషికి బతికున్నన్నాళ్ళూ ఎండ లేదు. నా పక్కన మేనకోడలు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నేను ఏం ప్రార్థన చెయ్యాలో నాకు తెలియలేదు.

"అందరికీ వందనాలు. నా ముక్కు మానింది, దేవుడికి స్తోత్రం. అది ఎండ వల్లే వచ్చి ఉంటుంది. అదీ చెప్పాలి కదా, దాచుకుంటే సాక్ష్యం ఎలా అవుతుంది? నన్ను చూసి ఎవరూ డాబాలెక్కకండి."

కొంచెం నవ్వు వినిపించింది.

"డాక్టరమ్మ అసలు ఎండే వద్దంది. అసలు అంటే కుదరదమ్మా, నేనూ రోగులకి అలాగే చెప్పి ఒక్కరి చేతా పాటింపజెయ్యలేకపోయాను అన్నాను. ఇద్దరం బేరమాడుకున్నాం. పొద్దు లేచాక కాసేపే. ముక్కుకి ఎండ ఆపే తెల్ల మందు, తలకి టోపీ. వేసవిలో అదీ లేదు. మూణ్ణెల్లకోసారి వెళ్ళి తనకి మొహం చూపించాలి. ఆ మాట తనకిచ్చాను, ఇక్కడ మా అమ్మాయికీ ఇస్తున్నాను. ఏమే, వింటున్నావా?"

"వింటున్నానత్తా," అంది మేనకోడలు, కళ్ళు తెరవకుండానే.

"కానీ పాపం మానుకున్నట్టు ఎండ మానుకోమంటే చెయ్యెత్తను. అయ్యగారు శరీరం ఆలయమన్నారు. నిజమే. ఆలయానికి కిటికీలుండవా అయ్యగారూ?"

పాస్టరు గారు ఆడవాళ్ళ వైపు కిటికీలకేసి చూశారు.

"దేవుడు అన్నిటికన్నా ముందు వెలుగుని చేశాడు. చేసి, చూసి, బాగుందనుకున్నాడు. అప్పటికి మొక్క లేదు, పంట లేదు, ఆరేసుకోవడానికి బట్టలున్న మనిషే లేడు. దేనికో పనికొస్తుందని బాగుందనలేదు. ఊరికే బాగుంది. ఆయనకి ఊరికే బాగున్నది నాకు ఊరికే బాగుంటే అది పాపమెలా అవుతుందో నాకు తెలియడం లేదు."

మగవాళ్ళ వైపు నుంచి సైకిలు షాపు తాత లేచాడు. అంతకు ముందు సంవత్సరం చుట్ట మానేస్తున్నానని చెయ్యెత్తిన మనిషి. "సిస్టరమ్మా, చుట్ట కూడా నాకు బాగానే ఉండేది. పొగాకు కూడా ఆయన చేసిందే. మరి నా చేత ఎందుకు మాన్పించారు?"

మందిరమంతా గొల్లున నవ్వింది. పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. సిస్టరమ్మగారు మాత్రం ఆ ప్రశ్నకి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చారు.

"తాతగారూ, నిజం చెప్పండి. మానేనాటికి అది మీకు హాయా, అలవాటా?"

ఆయన తల గోక్కున్నాడు. "మొదట్లో హాయేనమ్మా. తర్వాత్తర్వాత లేకపోతే చేతులు వణికేవి."

"నాకు ఇంకా మొదట్లోనే ఉంది. ప్రతి పొద్దూ మొదటిసారి లాగే ఉంది. హాయి పోయి ఒట్టి అలవాటే మిగిలిన రోజున, మీరెవరూ అడక్కుండా నేనే లేచి చెయ్యెత్తుతాను."

అని కూర్చోబోయి, కుర్చీ మీద ఎండ పడుతోందని చూసుకున్నారు. అప్పటికి పొద్దు బాగా ఎక్కింది. బేరం ప్రకారం కుర్చీని నీడలోకి జరుపుకుని కూర్చున్నారు. ఆవిడ కుర్చీ అటు వైపు జరగడం ఆ సంఘంలో ఎవరూ చూసి ఎరగరు. ముందు ఎవరో ఒకావిడ "ఆమేన్" అంది. తర్వాత తాత అన్నాడు. తర్వాత మందిరమంతా అంది. పాస్టరు గారు పుస్తకం మూసి, "ఈ రోజు తీర్మానం లేదు. మంచి సాక్ష్యం విన్నాం," అన్నారు. అంత కుర్రవాడు అంత మాట అనగలిగినందుకు నేను ఇప్పటికీ దేవుణ్ణి స్తుతిస్తాను. గుడివాడ బస్టాండులో పాఠానికి పనికిరాదనుకున్న మాటని ఆ తర్వాతి ఆదివారమే పిల్లలకి పాఠంగా చెప్పాను. ఇన్నేళ్ళలో వాళ్ళు మర్చిపోని పాఠం అదొక్కటే.

ఎండ చెడు చేస్తుందని తెలిసీ మనుషులు ఎందుకు కూర్చుంటారని ఎవరైనా అడిగితే, నాకు ఆవిడే గుర్తొస్తారు. మనం మంచిదాన్ని కూడా ఏదో పనికొస్తేనే ఒప్పుకుంటాం. ఆవిడ దాని ఖరీదు తెలుసుకుని, తగ్గించుకోగలిగినంత తగ్గించుకుని, మిగిలినదాన్ని సిగ్గుపడకుండా అనుభవించారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ డాక్టరమ్మకిచ్చిన మాట తప్పలేదు, చెయ్యీ ఎత్తలేదు.

ఆ కూడిక అయిన మరుసటి నెలలోనే, క్రిస్మస్ ముందు, మంగినపూడిలో బాప్తీస్మాలు జరిగాయి. తెల్లవారుజామునే ఆటోల్లో వెళ్ళాం. పొద్దు సముద్రంలోంచి లేచే వేళకి పాస్టరు గారు నడుములోతు నీళ్ళలో ఉన్నారు. సిస్టరమ్మగారు ఒడ్డున ఇసక మీద చాప పరుచుకుని, పెద్ద తాటాకు టోపీతో, ముక్కుకి దట్టంగా తెల్ల మందు పూసుకుని కూర్చున్నారు. కూచిపూడి నుంచి రంగు సగం వేసుకుని పారిపోయొచ్చినట్టున్నారని పిల్లలు నవ్వుతున్నారు. మేనకోడలు గడియారం చూసుకుంటూ వెనకే నిలబడింది.

బాప్తీస్మం పొందినవాళ్ళు తెల్లబట్టలతో, పళ్ళు టకటకలాడుతుండగా, తువ్వాళ్ళు కప్పుకుని ఆటోల వైపు పరిగెత్తబోయారు. "ఎక్కడికి? ఇంత ఎండ పెట్టుకుని," అన్నారు సిస్టరమ్మగారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి చాప చుట్టూ కూర్చున్నారు. చివర్లో పాస్టరు గారు వణుకుతూ వస్తే సంఘపెద్ద ఒకాయన గౌరవంగా గొడుగు విప్పి పట్టుకున్నాడు.

"ముయ్యండి బాబాయ్," అని పాస్టరు గారు చాప అంచున కూలబడ్డారు. వణుకు నిదానంగా తగ్గింది. కళ్ళు మూతలు పడ్డాయి.

"అత్తా, టైమయింది," అంది మేనకోడలు.

సిస్టరమ్మగారు మారుమాట లేకుండా లేచి, చీర దులుపుకున్నారు. "లేవండి, లేవండి. చాప తియ్యాలి."

ఎవరూ కదల్లేదు. పాస్టరు గారు కళ్ళు తెరవకుండానే, "ఇంకొంచెంసేపు ఉండనివ్వండి సిస్టరమ్మగారూ," అన్నారు.

ఆవిడ ఆయన్ని ఒక్క క్షణం చూశారు. మేనకోడలి చేతిలోంచి మందు ట్యూబు తీసుకుని, మూత విప్పి, ఆయన ముందు వంగారు.

"ఉండండి. కానీ ముక్కు ఇటు పెట్టండి."

అయ్యగారు ముక్కు చాపారు.